నడపని మూడో సీను

మా కాలేజీ ల్యాబ్‌లో ఉన్న పన్నెండు కంప్యూటర్లూ మాకంటే చాలా ముందే కాలేజీలో చేరాయి. మేం నాలుగేళ్లకు పాసై వెళ్లిపోతాం, అవి వెళ్లవు. పొద్దున్న స్విచ్ వేసి, టీ తాగి, టీకొట్టాయనతో క్రికెట్ మాట్లాడి వస్తే అప్పటికి ఒళ్లు విరుచుకుంటూ లేస్తాయి. నేను ఒడిశాలోని రాయగడలో ఇంజనీరింగ్ చదువుతున్నానని విని సంతోషించిన బంధువులెవరూ ఈ ల్యాబ్ చూసినవాళ్లు కాదు.

ఆ మెషీన్ల వల్లే మాకు ప్రపంచంలో ఒక విలువ వచ్చింది. ఆటలు తయారుచేసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, గేమ్ ఇంజిన్ అంటారు. దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, ఎవరైనా బాగుచేసి పంపొచ్చు. ఏయే దేశాల వాళ్లో, ఒకరి మొహం ఒకరు చూడని వాళ్లు, జీతం లేకుండా చేస్తారు. ఈ సంగతి చెప్పినప్పుడు మా నాన్న ఒక్కటే అడిగారు: "మరి మేస్త్రీ ఎవుడు?" మేస్త్రీకి కూడా జీతం లేదని చెప్పాక జాలిపడి ఊరుకున్నారు.

ఆ గుంపులో అందరి దగ్గరా మంచి కంప్యూటర్లే ఉన్నాయి. చెడ్డది మా దగ్గర ఉంది. పాత గ్రాఫిక్స్ కార్డుల మీద కూడా నడవడానికి ఆ ఇంజిన్లో 'పాత మోడ్' అని ఒకటుంది. దాన్ని ఎవరు ముట్టుకున్నా చివర్లో ఒక ప్రశ్న వచ్చేది: "రాయగడ మెషీన్ మీద నడిచిందా?" రాయగడ మెషీన్ అంటే మా ల్యాబ్‌లో కిటికీ పక్కనున్న అయిదో నంబరు. దాని మీద నడిపి చూసి జవాబు చెప్పేది నేను. పరీక్షకుల జాబితాలో నా పేరు ఉండేది. తెలివికి కాదు, దరిద్రానికి దక్కిన గౌరవం.

కోడ్ రాసేది నేను కాదు, మా క్లాసమ్మాయి. ఆమెది జయపురం. తాతల నాడు కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, వాళ్లమ్మ ఆసుపత్రిలో నర్సు. ఆమె హాస్టల్లో ఉండేది, సొంత కంప్యూటర్ లేదు. అయిదో నంబరు ఖాళీగా ఉన్నంతసేపే ఆమె ప్రోగ్రామరు. నాది తెరుబలి. నాన్న అక్కడ లోహాలు కరిగించే ఫ్యాక్టరీలో ఫర్నేస్ దగ్గర టెక్నీషియన్. క్వార్టర్స్ నుంచి రోజూ రైల్లోనో బస్సులోనో వచ్చిపోతుంటాను.

వాళ్లమ్మ డ్యూటీ మారేటప్పుడు రోగుల వివరాలు రాసి అప్పజెప్పే పద్ధతిలోంచి ఆమెకు ఒక సూత్రం వచ్చింది: రాయనిది జరగనట్టే. మా కాలేజీ రికార్డుల్లోంచి నాకూ ఒక సూత్రం వచ్చింది: రాసినది జరగక్కర్లేదు. ఫిజిక్స్ ల్యాబ్‌లో మేం రాసిన రీడింగులు సీనియర్ల రికార్డుల్లోవి. వాళ్లవి వాళ్ల సీనియర్లవి. మొట్టమొదట ఆ అమ్మీటరును నిజంగా చూసినవాడు ఎవడో ఇప్పుడు మనవలతో ఆడుకుంటూ ఉంటాడు.

ఆ వానాకాలం గుంపులో ఒక ప్రకటన వచ్చింది. పాత మోడ్‌ను తీసేస్తున్నారు. దాన్ని పట్టించుకునేవాళ్లు లేరు, పైగా దాంట్లో ఒక పెద్ద లోపముంది. ఆటలో నీడలూ నీళ్లూ ఒకేసారి కనబడితే తెర నల్లబడి కంప్యూటర్ బిగుసుకుపోతుంది. ఎవరైనా మన టైము ప్రకారం శుక్రవారం సాయంత్రం ఐదులోగా దాన్ని బాగుచేసి, నిజమైన పాత మెషీన్ మీద నడిచిందని చూపిస్తే ఉంచుతాం, లేకపోతే లేదు. ఇది రాసినది చివరి మాట చెప్పే మనిషి. ఆయన వయసు మాకు తెలియదు, ఆయన వాక్యాల పొడవును బట్టి పెద్దాయన అని పిలుచుకునేవాళ్లం.

పాత మోడ్ పోతే మా ల్యాబ్‌లో ఇంజిన్ తెరుచుకోదు. ఇంజిన్ తెరుచుకోకపోతే ఆమె రెండేళ్ల పని అక్కడితో ఆఖరు. నాకేం, నేను క్యాంటీన్‌కి వెళ్తాను. ఆమె ఎక్కడికి వెళ్తుంది?

వారంపైన కూర్చుని ఆమె దాన్ని బాగుచేసింది. గుంపులోవాళ్లు చూసి చివరగా ఒక చిన్న మార్పు అడిగితే మంగళవారం సాయంత్రం అదీ చేసింది. బుధవారం పొద్దున్నే రెసిడెన్స్ సర్టిఫికెట్ కోసం జయపురం తహసీల్ ఆఫీసుకు వెళ్లాలి. చివరి పరీక్ష నాకు వదిలింది.

"మూడు సీన్లూ నడపాల. నీడలున్నాది ఒకటి, నీళ్లున్నాది ఒకటి, రెండూ కలిసినాది ఒకటి. లాగ్ దాసి పంపు."

లాగ్ అంటే ఇంజిన్ నడుస్తున్నంతసేపూ తనంతట తాను రాసుకునే డైరీ. ఏ క్షణంలో ఏం చేసిందో వరసగా ఉంటుంది.

"మర్సిపోతానేటి?" అన్నాను.

"నువ్వు మర్సిపోవు. బద్దకిస్తావు. అది వేరే రోగం."

బుధవారం మధ్యాహ్నం నడిపాను. బద్ధకించలేదు, దానికి సాక్షి ల్యాబ్ అటెండెంటే. నీడల సీను నడిచింది. నీళ్ల సీను నడిచింది. ఒక్కోదానికి అరగంట. మూడోది తెరుచుకుంటుండగా వాన ముదిరింది, కరెంటు పోయింది. యూపీఎస్ నాలుగు నిమిషాలు చంటిపిల్లలా ఏడ్చి ఊరుకుంది. లాగులు మూడూ అయ్యాక ఒకేసారి దాచుదామనుకున్నాను కాబట్టి ఒక్కటీ మిగల్లేదు. అటెండెంట్ కిటికీలు మూస్తూ "కాలి ఆస" అన్నాడు, రేపు రా అని. అయ్యా, రేపే వెళ్లి ఉండాల్సింది.

గేటు ఎదురుగా ఉన్న కొట్లో బఠాణీల ఘుగుని తింటూ ఫోన్ తీశాను. పెద్దాయన అడిగి ఉన్నాడు: "రాయగడ, ఏమైంది?" ఆయన కింద ఇంకా నలుగురైదుగురు ఎదురుచూస్తున్నారు. ఇంతమంది, ఇన్ని దేశాల్లో, నా జవాబు కోసం ఆగడం నా జీవితంలో అరుదు. మా ఇంట్లో నేను వస్తే తప్ప అన్నం తినకుండా ఆగేవాళ్లు కూడా లేరు. 'కరెంటు పోయింది, రేపు చెప్తాను' అని రాయడానికి చిన్నతనమనిపించింది. రెండు నడిచాయి. ఆమె కోడ్ ఎప్పుడూ నడుస్తుంది. మూడోది మాత్రం నడవకపోతుందా?

"మూడూ నడిచాయి" అని రాశాను. వెంటనే బొటనవేళ్లు లేచాయి. ఘుగుని ఇంకో ప్లేటు చెప్పాను.

గురువారం పొద్దున్న ఏడింటికి, మా వంటింట్లో పళ్లు తోముతూ ఫోన్ చూసేసరికి బొటనవేళ్ల స్థానంలో వేరేవి ఉన్నాయి. ఏదో దేశంలో పాత ల్యాప్‌టాప్ ఉన్న ఒకాయన రాశాడు: మూడో సీనులో నా తెర నల్లబడింది. దానికింద పెద్దాయన: "రాయగడలో నడిచింది కదా. ఆ లాగ్ పెట్టండి. అది శుభ్రంగా ఉంటే తప్పు ఈ ల్యాప్‌టాప్‌ది, మార్పు తీసుకుంటాను. లేకపోతే రేపు ఐదింటికి పాత మోడ్ తీసేస్తాను."

నోట్లో ఉన్న పేస్టు మింగేశాను.

లాగ్ లేదు. కానీ పోయినవారం నాటి లాగ్ నా ఫోన్లో ఉంది, చివరి మార్పుకు ముందుది, అన్నీ సరిగా నడిచినప్పటిది. లాగ్ అంటే ఏముంది, అక్షరాలే. తేదీ మార్చాలి, సమయాలు మార్చాలి, అక్కడక్కడ అంకెలు. మూడేళ్లుగా ఏ విద్యలో నన్ను కాలేజీ తీర్చిదిద్దిందో ఆ విద్యకు ఇన్నాళ్లకు పని పడింది. కుర్చీలో కూర్చుని, ఒక్కో వరసా చదువుతూ మార్చడం మొదలుపెట్టాను. వేళ్లు వణకలేదు. వణికి ఉంటే బాగుండేదేమో, ఇప్పుడు రాసుకోవడానికి.

సగమయ్యేసరికి నాన్న డ్యూటీ దిగి వచ్చారు. బూట్లు విప్పుతూ "ఏట్రా, పొద్దున్నే అంత సదువు?" అన్నారు.

"ఒక రీడింగు రాస్తన్నాను నాన్నా."

"సూసేవా?"

"ఏటి?"

"రీడింగు. సూసి రాస్తన్నావా?"

తండ్రులకు ఇలాంటి ప్రశ్నలు ఎలా తడతాయో తెలియదు. గంటకోసారి ఫర్నేస్ రీడింగు చూసి పుస్తకంలో రాయడమే ఆయన పనిలో సగం, అందుకు కావచ్చు. "సుమారుగా" అన్నాను.

ఆయన రెండో బూటు విప్పి పక్కన పెట్టారు. "మా కాడ సూడకండా రాస్తే ఏటవుద్దో తెలుసా? రాసినోడికేటీ అవదు. ఆడు ఇంటికొచ్చీసి పడుకుంటాడు. ఆ రాత నమ్మి దగ్గరికెల్లినోడు కాల్తాడు."

ఇంత పెద్దమాట అన్నాక మనిషి కాసేపు గంభీరంగా ఉండాలి. ఆయన మాత్రం "ఇడ్లీలోకి సట్నీ సేసిందా మీయమ్మ?" అంటూ లోపలికి వెళ్లిపోయారు. నేను ఆ సగం లాగ్‌ను పంపలేదు. అలాగని తుడిచేయనూలేదు, దాచాను. నా మీద నాకు అంత నమ్మకం లేదు.

రాయగడ బస్సు దిగి పరుగున ల్యాబ్‌కి వెళ్లాను. కరెంటు వస్తే మూడో సీను నడపొచ్చు, నడిస్తే నిజమైన లాగే పెట్టొచ్చు, నిన్నటి అబద్ధం ఈరోజుకు నిజమైపోతుంది, ఎవరికీ తెలియదు. దారి పొడుగునా ఇదే లెక్క. అటెండెంట్ మెట్ల మీద కూర్చుని ముడి, అదే మరమరాలు, తింటున్నాడు. నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. "ఆజి బి నాహిఁ." ఈరోజూ లేదు. ట్రాన్స్‌ఫార్మర్ పోయిందట.

ఇక ఆమెకు ఫోన్ చేయడం తప్ప మిగల్లేదు. ఆమె జయపురంలో రెండో రోజూ తహసీల్ ఆఫీసు క్యూలోనే ఉంది. వెనక ఎవరో ఒడియాలో గొడవపడుతున్నారు.

"సెప్పు. నా ముందర ఇంక ఆరుగురే ఉన్నారు."

"అమ్మీ, ఒక సిన్న సంగతి."

"నువ్వు సిన్న సంగతి అన్నావంటే నాను కూకోవాల. ఇక్కడ కుర్సీ లేదు. సెప్పీ."

"ఆ ల్యాప్‌టాప్ ఆయన రాసినాది సూసేవా?"

"సూసేను. ఆయన కార్డు వేరేది. మనకి నడిసింది కదా, నువ్వు లాగ్ పెట్టీ."

"అక్కడ వాన పడతందా?" అన్నాను.

"ఒరే." గొంతు మారింది. "ఎన్ని సీన్లు నడిపేవు?"

"రెండు."

"ఎన్నని రాసేవు?"

"మూడు. రెండుకీ మూడుకీ మధ్య కరెంటు పోనాది."

ఆ మాటకు నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చాలా మెల్లగా అడిగింది. "ఇంకేటైనా ఉన్నాదా?"

"ఒక లాగ్ సగం రాసేను. పంపలేదు."

"రాసేవా? లాగా?"

"సగమే."

"నువ్వు సేసినాదంతా ఆడ రాయి. నీ పేరుతో. ఇప్పుడే. నానొస్తన్నాను."

"మరి సర్టిఫికెట్టు? ఆరుగురే అన్నావు గదా?"

ఫోన్ పెట్టేసింది.

గేటు దగ్గర గోడ మీద కూర్చుని రాశాను. నా ఇంగ్లీషులో ఎంత చమత్కారం ఉందో వెతికి మరీ తీసేశాను, మొదటిసారి నన్ను నేను సరిదిద్దుకున్నాను. మిగిలింది నాలుగు వాక్యాలు. రెండు సీన్లే నడిపాను. మూడోది నడపకుండా నడిచిందని రాశాను. ఆమెకు ఈ సంగతి తెలియదు. కరెంటు రాగానే లాగ్‌తో సహా నిజం చెబుతాం.

నలభై నిమిషాలకు పెద్దాయన రాశాడు: "చెప్పినందుకు థాంక్స్. మీ ఫలితం కొట్టేశాను. గడువు మారదు." అంతే. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది, తిట్లు తినడంలో నాకు అనుభవముంది.

శుక్రవారం పొద్దున్న ఆమె, వానలో రాత్రంతా ఆగి ఆగి వచ్చిన బస్సు దిగి, హాస్టల్‌కి కూడా వెళ్లకుండా బ్యాగుతో ల్యాబ్‌కి వచ్చింది. నన్ను చూడలేదు. అయిదో నంబరు ముందు కూర్చుంది, నల్లటి తెర ముందు, కరెంటు లేకుండా. పన్నెండు దాటాక ఫ్యాన్లు కదిలాయి. బయటినుంచి అటెండెంట్ "ఆసిలా!" అని అరిచాడు, వచ్చిందని, మా ఇద్దరికంటే సంతోషంగా.

నీడలు నడిచాయి. నీళ్లు నడిచాయి. ప్రతిదానికీ ఆమె నోట్‌బుక్కులో టైము రాసుకుంటోంది, వాళ్లమ్మ చార్టులో రాసినట్టు. మూడోది మొదలైంది. చెరువు వచ్చింది, చెరువు మీద చెట్టు నీడ పడింది, తెర నల్లబడింది.

ల్యాప్‌టాప్ ఆయనది తప్పు కాదు. చివరి మార్పులోనే ఏదో జరిగింది. నేను బుధవారం ఒక్క మాట నిజం రాసి ఉంటే, గురువారం పొద్దున్న ల్యాప్‌టాప్ ఆయన మాటతోనే తప్పు తన కోడ్‌దని ఆమెకు తెలిసేది. ఒక రోజంతా చేతిలో ఉండేది. ఇప్పుడు మూడు గంటలున్నాయి, అందులో మూడు సీన్లూ మళ్లీ నడపడానికే గంటన్నర.

ఆమె కోడ్ పైనుంచి కిందికి చదువుతోంది. రెండయింది. కింద నుంచి పైకి చదివింది. రెండున్నర. గోరు కొరుక్కుంటోంది. కరెంటు ఒకసారి కన్నుగీటింది, యూపీఎస్ ఒక్క కూత కూసి సర్దుకుంది. నేను వెనక నిలబడి బిగుసుకుపోయిన సీను లాగ్ చూస్తున్నాను. చూస్తుంటే ఏదో వెలితిగా ఉంది, పాఠం అప్పజెబుతూ ఎవరో ఒక వాక్యం మింగేసినట్టు.

"ఇక్కడొక లైను ఉండాల," అన్నాను.

పొద్దుట్నుంచి మొదటిసారి నా వైపు తిరిగింది. "ఏ లైను?"

"నీడ అయిపోయేక, నీడ మెమరీ వదిలేసేనని రాస్తాది. ఆ తరవాతే నీళ్లు మొదలవుతాది. ఇందల ఆ లైను లేదు."

"నీకెలగ తెలుసు?"

"నిన్న దాన్నే దొంగరాత రాసేను."

లాగ్ అనేదాన్ని నేను శ్రద్ధగా, వరస వరసా చదివింది నా చదువు మొత్తంలో ఆ ఒక్కసారే, మోసం చేయడానికి. దీన్ని నా ఘనతగా చెప్పుకోవచ్చు. కానీ ఆమె ఇంకో పావుగంటలో పాత లాగ్ తీసి పక్కన పెట్టుకునేదే. కాబట్టి నా ఘనత విలువ పావుగంట.

అడిగిన మార్పు చేస్తూ మంగళవారం ఆమె ఆ ఒక్క పనిని వేరే చోటికి జరిపింది, నీళ్ల తర్వాతకు. అప్పటికే పాత కార్డు మెమరీ నిండిపోతోంది. రెండు వరసలు వెనక్కి తెచ్చింది. మళ్లీ మూడు సీన్లు. నాలుగున్నర దాటింది, మూడోది సగంలో ఉంది. బయట మబ్బు పట్టింది. చెరువు వచ్చింది. నీడ పడింది. ఇద్దరం తెర మీదికి వంగాం, ల్యాబ్ అటెండెంట్ కూడా, ఆయనకు ఎందుకో తెలియకపోయినా. నీళ్లు కదిలాయి. ఆకులు నీళ్లలో కదిలాయి. సీను చివరిదాకా ఆడి, బుద్ధిగా ముగిసింది.

"లాగ్ దాసు," అంది. నేను దాచాను. ఆమె తెరిచి, నేను దాచింది అదేనా అని సరిచూసుకుంది. నా ఫోన్ హాట్‌స్పాట్‌కు సిగ్నల్ కిటికీ ఊచల దగ్గరే దొరుకుతుంది కాబట్టి, ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టి నిలబడ్డాను. ఐదుకు ఆరు నిమిషాలుండగా వెళ్లింది. వాన మొదలై చేతి మీద పడుతోంది. తీస్తే ఏమవుతుందోనని తీయలేదు.

ఐదు దాటి ఇరవై నిమిషాలకు పెద్దాయన జవాబు వచ్చింది. లాగ్ చదివానన్నాడు. మార్పు తీసుకున్నానన్నాడు. పాత మోడ్ ఈ వెర్షన్లో ఉంటుంది, దాని బాధ్యత ఇకనుంచి ఆమెది. కిందే ఇంకో వాక్యం: పరీక్షకుల జాబితాలోంచి నా పేరు తీసేశారు.

ఆమె రెండూ చదివింది. మొదటిదానికి ఎగిరి గంతేస్తుందనుకున్నాను, రెండోదానికి నన్ను ఓదారుస్తుందనుకున్నాను. బ్యాగ్ తీసుకుని "ఆకలేస్తంది" అంది.

తర్వాత గుంపు నియమాల్లో ఒక వాక్యం చేరింది. కొత్తగా వచ్చిన ప్రతివాడూ చదవాల్సిన పేజీలో: నడిచిందని చెప్పే ప్రతిసారీ లాగ్ జతచేయాలి, లాగ్ లేని మాట లెక్కలోకి రాదు. దాంట్లో ఎవరి పేరూ లేదు. ఆ ఇంజిన్‌కి నా వల్ల చేరిన ఒకే ఒక్క వాక్యం అది. చాలామంది కోడ్ పోతుంది, మారుతుంది, నా వాక్యం మాత్రం గట్టిగా ఉంది.

రాయగడలో ఆ నియమం ఇంకొంచెం గట్టిగా అమలవుతోంది. "టిఫిన్ సేసేవా?" అంటుంది ఆమె. "సేసేను" అంటే, "లాగ్ ఏదిరా?" అంటుంది. అసైన్‌మెంట్ అయిందంటే లాగ్. జ్వరమొచ్చిందంటే లాగ్. మొదట్లో నవ్వకుండా అనేది, అందుకే నేనూ నవ్వేవాణ్ని కాదు.

ఆ శుక్రవారం తర్వాతి వారం, ఆమె సర్టిఫికెట్ కోసం జయపురం తహసీల్ ఆఫీసు ముందు క్యూలో నిలబడింది నేను. ముందురోజే వెళ్లి మా పెద్దమ్మగారింట్లో పడుకుని, ఆఫీసు తలుపు తీయకముందే చేరాను. ఆమె ఇంటి దగ్గర బయల్దేరి వచ్చేదాకా చోటు కాయాలి. నా ముందు పదకొండు మంది, నా వెనక గొడుగుతో ఒక ముసలాయన. గొడుగు చివర నా వీపులో ఉంది.

ఫోన్ మోగింది. "క్యూలో ఉన్నావా?"

"ఉన్నాను."

ఏమడుగుతుందో తెలుసు కాబట్టి అడక్కముందే ఫోటో తీశాను. పదకొండు తలల వెనకభాగాలు, మూసిన తలుపు. పంపాను.

కాసేపటికి జవాబు వచ్చింది. "పదకొండు లెక్కెట్టేను. సరిపోనాది. వస్తన్నాను, కదలకు."

కదల్లేదు.